పసుపు దారం డిస్కు

నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంల. నేర్పింది మా పక్క ఊరాయన, నాతోని ఒక్క గదిల ఉండేటోడు. పుల్లతోని ఇసుకల రాసేటోడు, నేను దాని మీద వేలు తిప్పేటోన్ని. మేముండే ఎడారి ఊరు అల్ షహానియాల గాలి ఊకోదు. ‘క’ రాసి ‘ఖ’ కాడికి వచ్చేటాలకు ‘క’ తుడుచుకపోయేది. "మళ్ల రాయి కాకా, గాలికి వేరే పనిలేదు" అని నవ్వేటోడు. ఇయ్యాల ఈ నాలుగు ముక్కలు రాస్తున్ననంటె ఆయన దయే. అందుకే ఆయన మీద పడ్డ నింద సంగతి ముందుగాల రాస్తున్న.

మేము పనిచేసేది ఒంటెల దొడ్ల. ఈడ ఇజ్బ అంటరు. మా ఊర్లె మాత్రం "దుబాయిల ఒంటెలు కాస్తుండు" అంటరు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకు అది దుబాయే, నేనూ చెప్పుడు మానేసిన. దొడ్డి యజమాని అర్బాబ్ దోహాల ఉంటడు. పందేలున్నప్పుడే ఇటు వస్తడు. మిగిలిన దినాలు మా మీద పెత్తనం ముదీర్‌ది, అంటె మేనేజర్‌ది. ఆయన ఏ దేశపోడో రాయను. అసువంటోళ్లు లేని దేశం ఏదున్నది?

అర్బాబ్‌కు ఒంటెలంటె ప్రాణం. ఇంట్ల కూసోని వాటిని చూడాలంటడు. ఈడ నెట్టు సరిగ అందదు. అందుకని గేటు మీద, దొడ్ల మీద, గడ్డి కొట్టం మీద కెమెరాలు పెట్టించిండు. రేకుల గదిల టిఫిన్ డబ్బ అంత నల్ల పెట్టె ఒకటుంటది. అది కంప్యూటరేనట, లినక్స్ అంటరట. కెమెరాల బొమ్మలన్నీ దాంట్లకు వస్తయి, దాని పక్కకు గుచ్చిన డిస్కుల పడతయి. డిస్కులు రెండు. ఒకటి పెట్టెకు ఉంటె ఇంకోటి అర్బాబ్ ఇంట్ల ఉంటది. జుమ్మా నాడు, అంటె శుక్రవారం, ముదీర్ వస్తడు, అర్బాబ్ చూసి ఖాళీ చేసిన డిస్కు మాకిచ్చి, నిండింది పట్టుకపోతడు. మార్చే పని నాది. జుమ్మాకు అందరు ఏషియన్ టౌన్ బజారుకు పోతరు, నేను ఎటు పోను కాబట్టి.

పెట్టె పెట్టింది మన తెలుగాయనే. ఆంధ్ర దిక్కు, ఇంజనీరు, దోహాల ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌ల భార్యాపిల్లలతోని ఉంటడు. డిస్కుల మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు అంటించి, "ఇది ఎ, ఇది బి, పెద్దాయనా" అన్నడు.

"నాకు తెలుగు అక్షరాలే నిన్న మొన్న వచ్చినయి సారూ, ఇంకా ఇంగ్లీషు ఏడికెళ్లి తెస్త?"

"అయితే మీకెలా గుర్తుంటుంది?"

నేను మొలతాడు పోగు ఒకటి ఎర్రది తెంపి ఒకదానికి కట్టిన. ఇంకోదానికి పసుపు రాసిన దారం కట్టిన. ఆయన నవ్విండు. "కంకణాలు కట్టారా? పెళ్ళి చేస్తారేంటి వీటికి?" అన్నడు. తర్వాత కూసోని మంచిగ చెప్పిండు. "రెండిట్లో ఏది గుచ్చినా మీకు పర్లేదు. రెండిటికీ లోపల ఒకటే పేరు పెట్టాను. ఆ పేరున్న డిస్కు తగలగానే పెట్టె దాన్ని తీసుకెళ్ళి ఒకే చోట, ఒకే ఫోల్డరు మీద కూర్చోబెడుతుంది. మౌంట్ చేయడం అంటాం. కెమెరా ఎప్పుడూ ఆ ఫోల్డర్లోనే రాస్తుంది. డిస్కు మారిన సంగతి దానికి అక్కర్లేదు. దీపం మిణుకు మిణుకుమంటే రాస్తున్నట్టు."

మంచిదే అనుకున్న. మనిషి మారినా కుర్చీ మారదన్నట్టు.

ఇగ సినిమాల సంగతి చెప్పాలె. మా గదిల పాత టీవీ ఉన్నది. ఏషియన్ టౌన్‌ల సెల్‌ఫోన్ దుకాణాలుంటయి. మెమరీ ఏది పట్టుకపోయినా తెలుగు సినిమాలు నింపి ఇస్తరు. మనోళ్లు జుమ్మాకు పోయినప్పుడు చేతికి ఏ మెమరీ దొరికితె అది పట్టుకపోయేటోళ్లు. ఇది దొంగతనం అని ఎవ్వరూ అనుకోరు, పక్కింటోళ్ల చెంబు అడుక్కున్నట్టు. ఒక్కసారి ముదీర్ జుమ్మా కంటె ముందుగాలనే వచ్చి, పసుపు దారం డిస్కు నా బల్ల మీద పడేసి పోయిండు. అది ఖాళీగ ఉన్నది. మా పక్క ఊరాయన చూసిండు.

"కాకా, దీంట్ల మన సినిమాలు ఎన్ని పడతయో ఎరుకేనా? మల్ల జుమ్మా దాక గుచ్చేది లేదు గద."

"అర్బాబ్‌ది తమ్మీ అది."

"అర్బాబ్ అరిగిపోడు తియ్యి."

దినుసులు తెచ్చే బండిల ఏషియన్ టౌన్ పోయి దుకాణంల ఇచ్చిండు. దుకాణపాయన అది చూసి, "ఇది టీవీకి తెలవదు, జర సాఫ్ చేసి పెడ్త" అన్నడంట. సాఫ్ చేసి సినిమాలు నింపి ఇచ్చిండు. గదిల అందరం చూసినం. నేనూ చూసిన, రెండుసార్లు ఏడ్చిన సుత. జుమ్మా పొద్దుగాల ఆయన సినిమాలన్నీ తుడిచేసి, డిస్కును అంగీకి తుడిచి మరీ తెచ్చి ఇచ్చిండు. ఎర్రది తీసి పసుపుది గుచ్చిన. దీపం ఎలిగింది.

ఎలిగింది గాని మిణుకలే. ఎర్రగ, కన్నార్పని పాము కన్ను లెక్క అట్లనే ఉన్నది. నేను ముదీర్‌కు చెప్పిన. ఆయన ఎర్ర డిస్కు జేబుల ఏసుకుంట ఇటు చూసి, దీపం ఉన్నది గద అన్నట్టు అడిగిండు.

"బత్తీ హై నా?"

"ఉన్నది సాబ్, గాని..."

"బస్. యల్లా, నడువు."

ఆ వారంలనే ఒంటె పోయింది.

అర్బాబ్ చేతులార పెంచిన ఆడ ఒంటె అది, చిన్నది, నల్లది. పొద్దుగూకినంక దుమ్ము లేచింది, మేమందరం మెస్సుల ఉన్నం. రోడ్డు దిక్కు పెద్ద చప్పుడు. ఉరికి చూస్తె నీళ్ల ట్యాంకర్ అడ్డం తిరిగి ఉన్నది, దాని ముంగట ఒంటె. మెడ ఇంక కదులుతున్నది. డ్రైవర్ నెత్తి పట్టుకోని కూసున్నడు. ఎనక్కి తిరిగి చూస్తె మా గేటు బార్లా తెరిచి ఉన్నది. గొలుసు ఒక్కదిక్కు ఏలాడుతున్నది.

ఆ పొద్దు గేటు డ్యూటీ మా పక్క ఊరాయనది.

"నేను ఏసిన కాకా," అన్నడు. "గొలుసు ఏసి, కొండికి తగిలిచ్చి, గుంజి చూసి వచ్చిన." ఆ మాట ఎంతసేపు అన్నడో. ఒంటె చచ్చేదాక దాని పక్కన కూసోని అదే మాట అన్నడు, ఒంటెకు చెప్పినట్టు.

ముదీర్ వచ్చిండు. ఇజ్బకు దూరంల లేడు, జల్దినే వచ్చిండు. ఆయన ఒంటె దిక్కు చూడలే, ముందు గేటు దిక్కు చూసిండు. నాకు అది అప్పుడే కానొచ్చింది గాని అర్థం కాలే. తర్వాత రేకుల గదిలకు పోయి పసుపు దారం డిస్కు పీకి, తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకున్నడు. చానసేపు చూసిండు. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖం నిమ్మలంగ ఉన్నది. మనిషి గుండె మీదికెళ్లి బరువు దించినట్టు.

"మాఫీ," అన్నడు, అరబ్బీల లేదని. "ఏం లేదు దీంట్ల. ఖాళీ. వీడు గేటు ఇడిచిపెట్టి, డిస్కు సుత తుడిచేసిండు."

మా పక్క ఊరాయన్ని ముదీర్ గడ్డి కొట్టంల పెట్టి, ఫోన్ గుంజుకోని, బయట అడుగు పెడితె చూడు అన్నడు. పాస్‌పోర్టు ఎట్లాగూ ముదీర్ దగ్గరనే ఉన్నది. అర్బాబ్ ఫోన్ల చెప్పిండట. డిస్కు తుడిచింది నిజమేనా అని ఇంజనీరును పిలిచి చూపెట్టు, కాయితం రాయించు, ఆ డిస్కు, కాయితం నా దగ్గరికి తెస్తె పోలీసుల చేతిల పెడ్త అని. తుడిచిండంటె కావాలనే చేసిండన్నట్టు. జైలే.

అన్నం ఇయ్యపోయినప్పుడు అడిగిన.

"సినిమాల సంగతి చెప్పుదామా తమ్మీ?"

"చెప్తె? డిస్కు ముట్టుకున్న అని నేనే ఒప్పుకున్నట్టయితది. గేటు నిందకు తోడు దొంగతనం గూడ మీదవడ్తది. వద్దు కాకా." పళ్లెం దగ్గరికి గుంజుకోని, "నేను గొలుసు ఏసిన" అన్నడు.

ఇంజనీరు వచ్చేదాక పెట్టె ఊకె ఉండద్దని ముదీర్ ఎర్ర డిస్కు తెప్పించి గుచ్చిచ్చిండు. గుచ్చంగనే దీపం మిణుకు మిణుకుమన్నది, ఏమీ జరగనట్టు.

ఇంజనీరు పొద్దటిపూట వచ్చిండు. ముదీర్ ఆయన ఎనకాల్నే కుర్చీ ఏసుకోని కూసున్నడు. "చూసుడు అయినంక పెట్టె మొత్తం తుడిచి కొత్తగ సెట్ చెయ్యి" అన్నడు హిందీల. "పాతది ఏమీ ఉండద్దు. మొదటినుంచి." మంచి మాట చెప్పినట్టే చెప్పిండు.

ఇంజనీరు ఎర్ర దారం డిస్కు చూసిండు, మొన్నటి నుంచి బొమ్మలున్నయి. పసుపు దారంది తన ల్యాప్‌టాప్‌కు పెట్టిండు. కనుబొమ్మలు ముడిచిండు. తెర దిక్కే చూసుకుంట, తల తిప్పకుంట, తెలుగుల అడిగిండు.

"పెద్దాయనా, ఈ డిస్కుకి నేను పెట్టిన పేరు లేదు. ఎవరో ఫార్మాట్ చేశారు. ఎవరు?"

నాకు చుట్టుదిప్పి చెప్పుడు రాదు. "మేమే సారూ. ఏషియన్ టౌన్‌ల సినిమాలు ఏయించినం. దుకాణపోడు సాఫ్ చేసిండు. ఒంటె పోకముందు సంగతి అది. ఒంటె పోయినంక ఎవ్వరు ముట్టలే."

"ఒంటె పోకముందా? నిజంగా?"

"చచ్చిన ఒంటె మీద ఒట్టు."

ముదీర్ ముంగటికి వంగిండు. "క్యా బోల్తా?"

"చాయ్‌ల చక్కెర ఎంత అని అడుగుతున్న సాబ్," అన్న నేను.

ఇంజనీరు కదలలే. గొంతు సుత మారలే. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పిండు. "వినండి. మొహం అలాగే పెట్టండి. పేరు లేని డిస్కుని నా పెట్టె గుర్తుపట్టదు. కరెంటు తగిలి దీపం వెలుగుతుంది, అంతే. తీసుకెళ్ళి కూర్చోబెట్టదు. కానీ ఆ ఫోల్డరు ఎక్కడికీ పోదు కదా, పెట్టెలోనే ఉంటుంది, ఖాళీగా. కెమెరాకి డిస్కు ఉందో లేదో తెలీదు. రాసేస్తుంది. ఆ వారమంతా పెట్టె పొట్టలో రాసుంటుంది."

"మరి కానొస్తలేదు?"

"తర్వాత ఈ ఎర్ర దారం డిస్కు గుచ్చారు. అది వచ్చి అదే చోట పైన కూర్చుంది. కింద ఉన్నది కనబడదు. మంచం మీద పరుపు వేస్తే మంచం మీద పెట్టినవి ఏమవుతాయి? పోవు. పరుపు కింద ఉంటాయి."

పరుపు తీస్తె చూడచ్చు. అంతే. చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టిన.

"అబ్ క్యా బోల్తా?" ముదీర్.

"చక్కెర తక్కువ అంటుండు సాబ్. ఆంధ్రోళ్లకు కారమే గద."

ముదీర్ నవ్విండు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. అర్బాబ్ ఇంటి ఫోన్ కావచ్చు, లేచి నిలబడి, అవునవును అన్నట్టు "నఅమ్, నఅమ్" అనుకుంట బయటికి పోయిండు. తలుపు తెరిచే పెట్టి, గడప అవుతల నిలబడ్డడు. ఆయన నీడ లోపలికే పడుతున్నది.

ఇంజనీరు కెమెరా రాసుడు ఆపిండు, ఎర్ర దారం డిస్కును మెల్లగ దించిండు. అదే ఫోల్డరు మళ్ల తెరిచిండు. ఖాళీ ఉండాల్సిన కాడ పొడుగు వరుస కిందికి జారింది. ఆ దినానిది, ఆ పొద్దుది తెరిచిండు. చిన్న తెర, చప్పుడు లేదు.

గేటు. మా పక్క ఊరాయన వచ్చిండు. గొలుసు ఏసిండు, కొండికి తగిలిచ్చిండు, గుంజి చూసిండు. పోయిండు. దుమ్ము లేస్తున్నది. తెల్ల బండి ఒకటి వచ్చి ఆగింది. ఇద్దరు దిగిండ్రు. ఒకాయన చుట్టం లెక్కున్నడు, ఎవరో తెల్వదు. ఇంకొకాయన్ని నడక చూసే గుర్తుపట్టిన. గొలుసు తీసిండు, చుట్టాన్ని లోపలికి తీసుకపోయి ఒంటెను చూపెట్టిండు. దాని మూతి పట్టి ఫోటో గూడ దింపించుకున్నడు. బయటికి వచ్చిండ్రు, దుమ్ముకు ముఖం కప్పుకోని ఉరికి బండి ఎక్కిండ్రు. గేటు కాలుతోని తన్ని మూసిండు. గొలుసు ముట్టలే. బండి పోయింది. గేటు గాలికి ఒకసారి కొట్టుకున్నది, ఇంకోసారి కొట్టుకున్నది, మెల్లగ తెరుచుకున్నది. తర్వాత నల్ల మెడ ఒకటి, నిదానంగ, ఎవరో పిలిచినట్టు, బయటికి వచ్చింది.

తెరల ఉన్న మనిషి గొంతు గడప అవుతలికెళ్లి ఇనపడుతనే ఉన్నది. "నఅమ్, నఅమ్, తుడిచేసిండు, దొంగ."

ఇంజనీరు బొమ్మ మూసి, తలుపు దిక్కు చూసిండు.

"ఈ ఇజ్బ కాంట్రాక్టు మా కంపెనీకి ఇప్పించింది ఈయనే బాబాయ్," అన్నడు. అప్పటిదాక పెద్దాయనా అన్నోడు బాబాయ్ అన్నడు. "నా వీసా ఆ కంపెనీ మీద ఉంది. పిల్లలు ఇక్కడే బడికెళ్తున్నారు."

"ఎరుకే సారూ. గడ్డి కొట్టంలున్నాయనకు సుత పిల్లలున్నరు. మీరు చూడనట్టు పోతె నేను మిమ్ములను ఏమీ అనను. గాని పెట్టె తుడిచింది మీ చెయ్యే అయితది."

కటువుగనే అన్న. మెత్తగ అనెటంత సమయం లేకుండె.

ఆయన నా దిక్కు చూసిండు. తర్వాత పసుపు దారం డిస్కు ల్యాప్‌టాప్‌కెళ్లి పీకి పెట్టెకు గుచ్చి, చేత్తోనే కూర్చోబెట్టి, కింద దొరికినదంతా దాంట్లకు పంపుడు మొదలువెట్టిండు. దుకాణపోడు సాఫ్ చేసినంక ఆ డిస్కు దీపం మొదటిసారి మిణికింది.

ముదీర్ లోపలికి వచ్చిండు. కుర్చీల కూసున్నడు. దీపం దిక్కు చూసిండు.

"ఖాళీ డిస్కు గద. ఎందుకు మిణుకుతున్నది?"

"చెక్ చేస్తున్నా సర్. మూలమూలలా ఖాళీయేనా అని చూడాలి కదా, పోలీసులకి ఇచ్చేది."

"హా, మంచిగ చూడు. మంచిగ చూడు."

నేను చాయ్ పోసిన. ముగ్గురం తాగినం. దీపం మిణుకుతనే ఉన్నది. ముదీర్ చాయ్ గిలాసల ఈగ పడ్డది, వేలుతోని తీసి అవుతల పారేసి మళ్ల తాగిండు. నేను అటే చూసిన, ఇంకెటు చూడబుద్ధి కాలే. చివరికి దీపం నిలిచింది. ఇంజనీరు డిస్కు తీసిండు. తర్వాత, ముదీర్ చెప్పినట్టే, ఆయన కండ్ల ముంగటనే, పెట్టె మొత్తం తుడిచి, మునుపటి లెక్కనే మళ్ల సెట్ చేసి ఎర్ర దారం డిస్కు గుచ్చిండు. ఇగ ఆ బొమ్మలు లోకంల ఉన్నది ఆ పసుపు దారం కాడనే.

కాయితం మీద ఆయన ఇంగ్లీషుల రాసి, నాకు తెలుగుల చెప్పిండు: "డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా అందజేయడమైనది, అధికారులు స్వయంగా చూడగలరు. అంతే రాశాను." ముదీర్ చదివిండు, తల ఊపిండు. డిస్కు చేతిలకు తీసుకోని అటు ఇటు తిప్పిండు. దారం గోటితోని గీకిండు.

"ఇదేంది?"

"ఆనవాలు సాబ్. నాకు ఇంగ్లీషు రాదు."

ఆయన ల్యాప్‌టాప్ సంచి భుజానికే ఉన్నది. ఒక్కసారి పెట్టి చూస్తె అయిపోయేది. చూడలే. ఖాళీ అని తన కండ్లతోని చూసిన డిస్కును మళ్ల ఎవరు చూస్తరు? జేబుల ఏసుకున్నడు, కూనిరాగం తీసుకుంట బండెక్కిండు. తన ఉరి తన మెడకు తానే కట్టుకోని పోయిండు.

తర్వాత దినాలల్ల ఎవ్వరూ రాలే. పోలీసులు రాలే, ముదీర్ రాలే. ఎవ్వరూ రాకపోవుడే ఎక్కువ బుగులు పెట్టింది. నీళ్ల బండి సప్పుడైనా లేచి నిలబడ్డం. ఒకదినం పొద్దుగాల అర్బాబ్ డ్రైవర్ వచ్చిండు. చేతిల మా పక్క ఊరాయన పాస్‌పోర్టు, టికెట్టు. "యల్లా, ఇంటికి పో," అన్నడు. ఎందుకని చెప్పలే. మళ్ల రమ్మని చెప్పలే, తప్పు లేదని సుత చెప్పలే.

"కాకా, ఏమైంది?" అన్నడు సంచి సదురుకుంట.

"ఏం గాలె. పో. ఎనక్కి చూడకు."

"నేను గొలుసు ఏసిన అని నమ్మిండ్రా?"

"ఏసినవు. నేను చూసిన."

అంతకంటె చెప్పలే. ఆయన బండి ఎక్కినంక ఇసుకల పుల్ల ఒకటి పడి ఉన్నది. అది గదిల తెచ్చి పెట్టుకున్న.

జుమ్మా నాడు ముదీర్ వచ్చిండు. ఉద్యోగం పోలే, ఏం పోలే. చుట్టమో, అవసరమో, అర్బాబ్ లోపలి లెక్కలు మనకెట్ల ఎరుక. ముఖం మాత్రం జర గుంజుకపోయి ఉన్నది. కూసోని చాయ్ అడిగిండు, పోసిన. సగం తాగినంక అడిగిండు.

"ఆ దినం ఆ ఇంజనీరు నీతోని ఏం మాట్లాడిండు?"

"చక్కెర గురించి సాబ్."

"అంతసేపా?"

"ఆంధ్రోళ్లు మాట ఎక్కువ సాబ్."

ఆయన నా ముఖం దిక్కు చూసిండు. నేను గిలాస దిక్కు చూసిన. చాయ్ తాగి గిలాస కింద పెట్టిండు. తర్వాత జేబులకెళ్లి కొత్త డిస్కు తీసిండు, అంగట్ల కొన్న అట్టడబ్బ వాసన ఇంకా పోలే. పెట్టెకున్న ఎర్ర దారం డిస్కు పీకి తన సంచిల ఏసుకున్నడు.

"ఇకనుంచి ఇదొక్కటే. నువ్వు ముట్టద్దు. నేనే మారుస్త, నేనే చూస్త, తర్వాతనే అర్బాబ్‌కు."

"అచ్ఛా సాబ్."

తన చేత్తోనే గుచ్చిండు. దీపం ఎలిగింది. వంగి చూసి, తల ఊపి, గేటు దిక్కు నడిచిండు.

నేను ఆడనే నిలబడి చూసిన. దీపం ఎర్రగ, నిలుకడగ ఎలుగుతున్నది. మిణుకుతలేదు. ఈ కొత్తదానికి ఇంజనీరు పెట్టిన పేరు లేదు గద.

"బత్తీ హై నా?" అని గేటు కాడికెళ్లి కేకేసిండు.

"హై సాబ్," అన్న.